గేరుపెట్టెనుండి నూనె కారుట

గుంటూరు ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు నాకు చేరినది. వారి మామగారు 1986లో కొనిన అంబాసిడరు కారు ఇంట నున్నదట. మామగారు గతించిరి. అత్తగారు కోవెలకును, వైద్యునికడకును ఆ బండిలోనే పోవుచుందురు. రెండు నెలలుగా బండి నిలిచిన చోటెల్ల నూనెమరక పడుచున్నదనియు, మేస్త్రి చూచి గేరుపెట్టె నంతయు దింపవలయునని పెద్దమొత్తము చెప్పెననియు, ఇంటి మగవారు అంత వ్యయపడుటకంటె పాతయినుమునకు అమ్మివేయుట మేలని తలచుచున్నారనియు ఆమె వ్రాసినది. “అత్తగారు పైకేమియు ననరు గాని ఆ మాట విన్ననాటినుండి అన్నము సరిగా తినుట లేదు” అని జాబు చివర నున్నది. అందుచే ఈ నెలకు అనుకొన్న ఊరగాయల ప్రసంగము పైనెలకు నిలిపి దీనిని వ్రాయుచున్నాను.

ఇది మగవారి పని, మనకేల యని పుట త్రిప్పబోకుడు. నలుని రథధ్వనిని విని పోల్చుకొన్నది దమయంతియే గాని విదర్భరాజు కాదు గదా. బండి క్రింద పరుండి పానా పట్టుడని నేననను. మేస్త్రి చెప్పినది నిజమగునో కాదో విచారించుటకు చాలినంత తెలివి మనకుండవలయును.

అంబాసిడరు ఇంగ్లండునందలి మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ననుసరించి పుట్టినది. బెంగాలునందలి ఉత్తరపారాలో 2014 మే నెలలో దీని నిర్మాణము నిలిచిపోయెను. దీని అమరిక సులభము. ముందు ఇంజను, దాని వెనుక క్లచ్చి నుంచిన డొప్ప, ఆ వెనుక గేరుపెట్టె, దాని తోకనుండి వెనుక ఇరుసువరకు పొడవైన ప్రొపెల్లరు షాఫ్టు. సంస్కృతమున నూనెకును ప్రేమకును స్నేహమనియే పేరు. పెట్టెలోని ఇనుపపండ్లు ఒకదాని నొకటి తినివేయకుండ నడుమ నిలుచునది ఈ స్నేహమే. అది తరిగినకొలది లోన రొద పుట్టును, పండ్లరుగును, తుదకు పెట్టెయే పాడగును. కావున కారుటను ఉపేక్షింపరాదు. అట్లని కారుచున్నదనగానే పెట్టె దింపనును రాదు.

మొదట చేయవలసినది చోటు కనిపెట్టుట. రాత్రి బండి క్రింద, ఇంజను మొదలు గేరుపెట్టె తోకదాక, తెల్లకాగితము పరచి, ముందు చక్రముల స్థానమును గుర్తుంచుడు. తెల్లవారి చుక్కలు ఎచ్చట పడినవో చూడుడు. వాడిన ఇంజను నూనె నల్లగా నుండును. గేరునూనె చిక్కగా నుండి గంధకపు ఘాటు కొట్టును. పోపుమాడిన వాసన పొరుగింటినుండి పసిగట్టు మనకు ఇది కష్టము కాదు. అయినను చుక్క పడినచోటే రంధ్రమున్నదని నమ్మరాదు. బండి పరుగెత్తునపుడు గాలి నూనెను వెనుకకు నెట్టును. అందుచే పెట్టె అడుగంతయు కిరసనాయిలుతో కడిగించి, ఆరిన పిమ్మట ముఖమునకు రాచుకొను పౌడరు పలుచగా చల్లించి, కొంతదూరము నడిపించి చూడవలయును. తెల్లని పొడిమీద నూనె త్రోవ గీతవలె తెలియును.

త్రోవ అడుగున నున్న బిరడాకడ మొదలైనచో, దాని క్రింది రాగి వాషరు మార్చిన చాలును. కొత్తది దొరకనప్పుడు పాతదానినే ఎఱ్ఱగా కాల్చి నీటముంచిన మెత్తబడి మరల పనికివచ్చును. కంసాలి పని చూచినవారికి ఈ కిటుకు కొత్తది కాదు. మూత అంచునుండి వచ్చినచో ప్యాకింగు కాగితము మార్చవలయును. దానిపై జిగురుమందు దట్టముగా పులుముట కొందరి అలవాటు. లోనికి ఊడిపడిన ముద్దలు నూనెలో తిరుగును గావున అది నాకు సమ్మతము కాదు.

పెట్టెకు ఊపిరి విడుచుటకు బ్రీదరు అను చిన్నరంధ్రముండును. దుమ్ముచే అది మూసికొనిపోయినచో, లోన వేడెక్కిన గాలి మార్గముగానక నూనెను సీలుల ప్రక్కనుండి వెలికి త్రోయును. నూనె మితిమించి పోసినను ఇట్లే జరుగును. ఈ రెండును చూడకయే సీలు మార్చువారు కలరు.

ఎక్కువగా కారునది తోకకడ. అచ్చట తిరుగు భాగమును కౌగిలించుకొని రబ్బరుసీలొకటి యుండును. ఏండ్లు గడచి అది గట్టిపడి పట్టు విడుచును. దీనిని మార్చుటకు పెట్టె దింప నక్కరలేదు. షాఫ్టు విప్పిన చాలును. బండిని జాకీమీదనే వదలక గట్టి స్టాండులపై నిలిపిన గాని ఎవ్వరిని క్రింద దూరనీయకుడు. ఈ ఒక్క విషయమున మొగమాటము వలదు. షాఫ్టు విప్పుటకుముందు అంచులపై గీత గీయించి, మరల అట్లే బిగింపించవలయును; లేనిచో బండి వణకవచ్చును. కొత్త సీలు పెదవి నూనెవైపునకుండవలయును. పెదవికి నూనె రాచి, సరిపడు గొట్టమునానించి నలువైపుల సమముగా తట్టి కూర్చవలయును. సీలు రాచుకొను లోహముపై గాడి పడినదేమో గోరుతో తడిమి చూడుడు. గోరు తగిలినచో కొత్త సీలును నిలువదు. ఆ భాగమునైన మార్చవలయును, దానిపై పలుచని ఉక్కుతొడుగైన వేయవలయును. ఈ గాడిని చూడకపోవుటచేతనే పని మూన్నాళ్లకు మరల మొదటికి వచ్చుచుండును.

నూనె మార్చునపుడు మొదట పోయుబిరడా వదులగునో లేదో చూచి, పిదపనే అడుగుబిరడా విప్పింపుడు. అడుగున ఖాళీచేసిన వెనుక పైది తుప్పుపట్టి రాకున్నచో బండి అచ్చటనే నిలిచిపోవును. నూనె బండిపుస్తకమున చెప్పిన చిక్కదనముదే కొనవలయును. వెనుక ఇరుసుకు వాడు జి.ఎల్. 5 గుర్తుగల కొన్ని నూనెలలోని మందు గేరుపెట్టెలోని ఇత్తడి, కంచు భాగములకు హానిచేయును, పాతపెట్టెలకు జి.ఎల్. 4 నూనె వాడుట క్షేమము.

క్లచ్చిడొప్ప అడుగునుండి గేరునూనె చుక్కలు పడుచున్నచో మాత్రము మేస్త్రి మాట నిజమే. ఆ సీలు, ప్యాకింగు పెట్టె ముందు భాగమున నుండును, దింపక తప్పదు. ఆ నూనె క్లచ్చి ప్లేటునకు సోకిన గేరు వేసినను బండి జారును, ఎక్కుడు దారిలో అది అపాయము. అట్లు దింపినపుడు క్లచ్చి ప్లేటును కూడ పరీక్షింపించిన రెండవమారు దింపుడుకూలి తప్పును. అచ్చట కనబడునది ఇంజను నూనెయైనచో గేరుపెట్టెకు దోషము లేదు. వెదుకవలసినది ఇంజను వెనుక.

జాబు వ్రాసిన సోదరి ఈ రాత్రియే కాగితము పరచి, మరక ముందు చక్రములకు ఎన్ని మూరల వెనుక పడినదో, వాసన యెట్లున్నదో నాకు వ్రాయవలయును. అంతవరకు అమ్మకపు మాట ఆపుడని మగవారితో చెప్పి, అత్తగారి కీ పుట చదివి వినిపింపవలయును.