కాగితం చదివించే మనుషులు
చరిత్ర పరిశోధన ఒంటరి పని అనుకుంటారు, కానే కాదు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు పర్షియన్ కాగితాలు లక్షన్నర దాకా ఉన్నాయి. వాటిలో షికస్తా రాత ఎక్కువ: చాలాచోట్ల చుక్కలుండవు, ఒక అక్షరం ఇంకోదానిలోకి జారిపోతుంది. ఒక్క మాట దగ్గర చిక్కుకున్న పరిశోధకుడికి, ఆ రాత తెలిసిన పెద్దాయన పక్కన కూర్చుని వేలు పెట్టి చదివి చూపిస్తేనే దారి దొరుకుతుంది. ఏ కట్ట ఏ అరలో ఉందో రోజూ మోసే అటెండర్‌కే బాగా తెలుసు. సేకరణ సంగతీ అంతే: ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊళ్లు తిరిగి శాసనాలు, స్థానిక చరిత్రలు సేకరించకపోతే ఆయన పేరుతో ఉన్న సంపుటాలు మనకు దక్కేవా? పత్రాల స్కానింగ్‌కు నిధులిస్తున్న ప్రభుత్వాలు, వాటిని చదవగల మనుషులను తయారుచేయడానికి కూడా ఇవ్వాలి.