తెరవకూడని పుస్తకం

మార్వెల్ సంస్థ ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181వ సంచికను 1974 నవంబరు తేదీతో ప్రచురించినప్పుడు దాని వెల 25 సెంట్లు. వుల్వరిన్ అనే పాత్ర పూర్తిస్థాయిలో మొదట దర్శనమిచ్చినది అందులోనే. అందువల్ల అమెరికాలోని కామిక్ కన్వెన్షన్లలో పాతసంచికల డీలర్ల బల్లల దగ్గర అభిమానులు ఆత్రంగా వెదికే పుస్తకాల్లో అదొకటి. సంచిక చేతికి రాగానే అనుభవజ్ఞుడైన కొనుగోలుదారు పాఠకుల ఉత్తరాల పుటకు వెళ్లి, అక్కడ ఒక చిన్న స్టాంపు బొమ్మ ఉన్నదో లేదో చూస్తాడు. ఆ బొమ్మలను కత్తిరించి, వందా పోగుచేసి, ఆల్బమ్‌లో అతికించుకొమ్మని పిల్లలను ఉత్సాహపరిచినది స్వయంగా ప్రచురణకర్తలే. ఆ మాట విని కత్తెర పట్టిన పిల్లవాడి ప్రతి నేటి బజారులో లోపభూయిష్టం; దాని ధర ఒక్కసారిగా పడిపోతుంది. ఎవరూ ముట్టని ప్రతికి మాత్రం వేల డాలర్లు. చదివినందుకు జరిమానా, చదవనందుకు బహుమానం అన్నమాట.

ఈ వైపరీత్యానికి డీలర్లను నిందించడం సాహిత్యాభిమానులకు తేలిక. పుస్తకాన్ని సరుకుగా చూసేవాడంటే వారికి మొదటినుంచీ చిన్నచూపు. కాని చరిత్ర డీలర్ల పక్షానే సాక్ష్యం చెబుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కాగితసేకరణ పేరిట కామిక్కులు కుప్పలు తెప్పలుగా గుజ్జులో కలిశాయి. 1948 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్‌లో బడిపిల్లల చేతనే వాటిని పోగుచేయించి తగులబెట్టించారు. 1954లో మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ ‘సెడక్షన్ ఆఫ్ ది ఇన్నొసెంట్’ అనే గ్రంథం రాసి, బాలల నేరప్రవృత్తికి కామిక్కులు దోహదం చేస్తున్నాయని దేశాన్ని నమ్మించాడు. ఆయన తన రోగుల మాటలను మార్చి, కలిపి, వాదానికి అనువుగా మలచుకున్నాడని కెరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు ఆయన సొంత కాగితాల ఆధారంగానే అర్ధశతాబ్దం తరువాత చూపింది. వైద్యుడు తప్పుడు రోగనిర్ధారణ చేస్తే ఒక రోగి నష్టపోతాడు. వెర్థమ్ వల్ల ఒక తరం పుస్తకాలే నష్టపోయాయి.

అటువంటి కాలంలో ఆ చవుకబారు కాగితాన్ని కాపాడినవారిలో పెద్ద సంస్థలకన్నా ఒంటరి మనుషులే ఎక్కువ. వారిలో కొందరిది పిచ్చి ప్రేమ, కొందరిది లాభాపేక్ష. బ్రూక్లిన్‌లో ఇంగ్లీషు ఉపాధ్యాయుడైన ఫిల్ స్యూలింగ్ 1968 నుంచి న్యూయార్క్‌లో జులై నాలుగవ తేదీ సెలవుల్లో కామిక్ సమావేశాలు నడిపాడు. 1970లో శాన్ డియాగోలోని ఒక హోటల్లో కొన్ని వందలమందితో మొదలైన సభ నేటి బ్రహ్మాండమైన కామిక్-కాన్ అయింది. రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ధరల సూచిక తొలిసారి వెలువడినది కూడా ఆ ఏడే. 1977లో ఎడ్గర్ చర్చ్ అనే చిత్రకారుడి ఇంట చీకటిగదిలో దొంతరలుగా పేర్చిన వేలాది సంచికలను చక్ రొజాన్‌స్కీ అనే యువ డీలర్ కొన్నాడు. ఆయన చెల్లించినది డబ్బే, ఆశించినదీ డబ్బే. అయినా నేడు 1940ల నాటి రంగులు తొలినాటి కాంతితో కనిపిస్తున్నాయంటే అందుకు ముఖ్య కారణం ఆ సంచికలే. ధర ఉన్న వస్తువును ఎవరూ పొయ్యిలో పెట్టరు.

డీలరు బల్లకు మరొక గుణం ఉంది. పొడవాటి అట్టపెట్టెల్లో సంచికలు వరుసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటీ పారదర్శకమైన సంచిలో, వెనుక దన్నుగా ఒక అట్టముక్కతో ఉంటుంది. అడిగితే డీలరు సంచి విప్పి, సంచికను మెల్లగా తెరిచి చూపుతాడు. పిన్నులకు తుప్పు పట్టిందా, నడిమి పుట ఊడిందా, వెన్ను చిట్లిందా అని పరీక్షించే నెపంతో కొనేవాడు కొంత చదువుతాడు కూడా. బేరం జరిగేది తెరిచిన పుస్తకం మీద.

2000లో సర్టిఫైడ్ గ్యారంటీ కంపెనీ రంగప్రవేశం చేయడంతో ఈ మర్యాద మారింది. రుసుము తీసుకుని సంచికను పరీక్షించి, 0.5 నుంచి 10 వరకు అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో శాశ్వతంగా బిగించడం దాని పని. దీనినే అభిమానులు స్లాబ్ అంటారు. పెట్టె పగలగొడితే అంకె చెల్లదు. 1938లో పది సెంట్లకు అమ్మిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక ప్రతి ఒకటి 8.5 అంకెతో 2024 వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. దానిని కొన్నవారు ఆ అంకెను పోగొట్టుకోకుండా అందులోని ఒక్క పుట కూడా తిప్పలేరు.

స్లాబ్‌ను సమర్థించేవారి వాదంలో నిజం లేకపోలేదు. అంచులు కత్తిరించి కొత్తగా కనబరచడం, వెలిసిన అట్టకు రంగు పూయడం ఈ వ్యాపారంలో పాత మోసాలే. దూరాన ఉండి కొనేవాడికి తటస్థుడి ధ్రువీకరణ రక్షణ. కాని పరీక్షించి పత్రం ఇవ్వడం వేరు, పరీక్షించిన వస్తువును జైలులో పెట్టడం వేరు. ఈ పద్ధతి నాణేల వ్యాపారం నుంచి వచ్చింది. నాణేనికి బొమ్మా బొరుసూ రెండే ముఖాలు. గాజులోంచి చూసినా రెండూ కనిపిస్తాయి. అట్టతో కలిపి ముప్పైయారు పుటలున్న కామిక్కుకు స్లాబ్ చూపేది ముందట్ట, వెనుకట్ట మాత్రమే. లోపలి కాగితం చవుక న్యూస్‌ప్రింట్. దానిలోని ఆమ్లం ప్లాస్టిక్ లోపల కూడా తన పని తాను చేసుకుపోతుంది.

చదవదలచినవారు పునర్ముద్రణలు కొనుక్కోవచ్చునని మరొక సమాధానం. పునర్ముద్రణల్లో కథ దొరుకుతుంది. ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు సాధారణంగా దొరకవు. 1963లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 20వ సంచిక ఉత్తరాల పుటలో జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అనే కుర్రవాడి లేఖ అచ్చయింది. తరువాత ఆయన ప్రసిద్ధ నవలాకారుడయ్యాడు. పాఠకుడు రచయితగా మారే దారి ఆ పుటల గుండానే పోయింది. స్లాబ్ మూసివేస్తున్నది సరిగ్గా ఆ పుటలనే.

ఇది అమెరికన్ల గొడవ అని తెలుగు పాఠకులు తప్పుకోవడానికి వీలులేదు. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన చందమామ కామిక్కు కాకపోయినా, తెలుగువారి బాల్యంలో ఆ పీఠం దానిదే. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’ వంటి ధారావాహికలకు చిత్రా వేసిన బొమ్మలు ఏ దేశపు బొమ్మలకూ తీసిపోవు. ఆ సంచికలకు పట్టిన గతి ఏమిటి? అధికభాగం తూకానికి పోయి కిరాణా కొట్లలో పొట్లాలయ్యాయి. అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదా, విజయవాడ లెనిన్ సెంటర్ పాతపుస్తకాల కొట్లలోనూ కొన్ని బ్రతికాయి. మరికొన్నింటిని ఇంటి పెద్దలు ధారావాహిక పుటలు విడదీసి, వరుసగా కూర్చి, బైండు చేయించి నిలిపారు. గ్రేడింగ్ లెక్కన ఆ బైండు పుస్తకాలకు అట్టడుగు అంకె కూడా దక్కదు. కాని నేడు అంతర్జాలంలో పాత చందమామలు చదవగలుగుతున్నామంటే, ఎవరో దాచుకున్న సంచికలను తెరిచి, పుట పుటా స్కాన్ చేసిన అభిమానుల పుణ్యమే.

కనుక అమెరికా నుంచి నేర్చుకోవలసినది డీలరు బల్ల, వదిలిపెట్టవలసినది స్లాబ్. తానా సభలు బేసి సంవత్సరాల్లో, ఆటా సభలు సరి సంవత్సరాల్లో జరుగుతాయి. వాటి ఎగ్జిబిషన్ హాళ్లలో ప్లాట్లకూ, నగలకూ, చీరలకూ వరుసలు వరుసలుగా స్థలం దొరుకుతుంది. ఒక్క బల్ల పాత చందమామలకూ, యువ, భారతి సంచికలకూ కేటాయించడం అసాధ్యమేమీ కాదు. ఆ బల్ల మీద ప్రతి సంచికకూ న్యాయమైన ధర ఉండాలి. కొనేవారు అట్ట చిరిగిందనీ, లోపల ఎవరో పిల్లవాడు తన పేరు రాసుకున్నాడనీ ధర తగ్గించమని అడగకూడదు. అక్కడే తెరిచి ఒక కథ చదువుకుని, పూర్తి ధర చెల్లించి ఇంటికి తీసుకుపోవాలి.