లారీల్లేని దారి

మీలో సైకిలు తొక్కడం వచ్చినవాళ్లు ఎంతమంది? చాలామందే ఉంటారు. మరి పెళ్లయ్యాక ఎక్కినవాళ్లు? ఇక్కడికొచ్చేసరికి చేతులు లేవవని నాకు తెలుసు. నా చేయీ లేచేది కాదు, మొన్న సెప్టెంబరు దాకా.

మా చెల్లెలు ఫ్రాన్సులో బోర్డోలో ఉంటుంది. ఏడేళ్లుగా రమ్మంటోంది. మా అమ్మాయి ఇంజనీరింగు హాస్టల్లో చేరాక ఇంట్లో కాస్త ఊపిరాడి, మూడు వారాలకి వెళ్లాను. వెళ్లిన మొదటి వారమే, "ఆదివారం సైకిళ్ల మీద వెళ్దామక్కా" అంది. నా దగ్గర సాకులకేం తక్కువ! మోకాళ్లన్నాను, వయసన్నాను, చుడీదార్ చున్నీ చైన్లో పడుతుందన్నాను. పదేళ్ల దాని కూతురు నా వైపు జాలిగా చూసి, "పెద్దమ్మా, నీకు రాదా?" అంది. వచ్చు అని ఎలా చెప్పను? ముప్ఫై ఏళ్లయింది మరి.

పక్కింటావిడ దగ్గర ఒక లేడీస్ సైకిలు అరువు తెచ్చారు. మా మరిదిగారు సీటు కిందికి దించి, నేల మీద రెండు పాదాలూ ఆనేలా పెట్టారు. గారోన్ నది ఒడ్డున మొదటి పది నిమిషాలు హ్యాండిలు వణికింది. ఆ తర్వాత కాళ్లకి దానంతటదే గుర్తొచ్చింది. చేతులు మర్చిపోతాయేమో గాని కాళ్లు మర్చిపోవు కాబోలు.

మేం వెళ్లిన దారి పేరు రోజే లాపెబీ దారి. 1937లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచినాయన ఆయన. గేర్లు మార్చుకునే డిరైల్యూర్ వాడి ఆ పోటీ గెలిచిన మొదటి మనిషి కూడా ఆయనే. అంతకుముందు ఎత్తు ఎదురైతే పోటీదారులు దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకోవాల్సి వచ్చేదట. ఆ కథ మరిదిగారు చెప్తుంటే నాకు మా ఊళ్లో పంచరు షాపు గుర్తొచ్చింది.

అసలు అది ఒకప్పటి రైలు మార్గం. రైళ్లు ఆగిపోయాక పట్టాలు తీసేసి, ఆ కట్ట మీద తారు పోసి సైకిళ్లకిచ్చేశారు. బోర్డో పక్కన లాత్రెన్ అనే ఊరి దగ్గర మొదలై సోవ్‌తెర్ ద గ్యెన్ అనే పాత కోట ఊరి దాకా వెళ్తుంది. బోర్డో నుంచి లెక్కేస్తే 50 కిలోమీటర్లు దాటుతుంది. ఇందులో ఒక కిటుకుంది. రైలు నిట్టనిలువు ఎత్తు ఎక్కలేదు కదా, అందుకని ఆనాటి ఇంజనీర్లు కొండ అడ్డొచ్చినచోట తవ్వి, పల్లమొచ్చినచోట కట్ట పోసి, మెల్లగా వంపులు తిప్పుతూ తీసుకెళ్లారు. వాళ్లు ఇంజను కోసం పడ్డ శ్రమ ఇప్పుడు మా మోకాళ్లకి పనికొచ్చింది. ఎక్కుతున్నట్టే తెలియదు, తిరిగొచ్చేటప్పుడు మాత్రం తొక్కకుండానే పోతుంటే తెలుస్తుంది.

కార్లు లేవు. బైకులు లేవు. హారన్ లేదు. నా వెనక ఏదో వస్తోందని మెడ తిప్పి చూడాల్సిన పనే లేదు. మన రోడ్డు మీద నడిచే ఆడవాళ్లకి ఈ ఒక్క మాట అర్థమవుతుంది. మనం చెవుల్ని వీపుకి కట్టుకుని నడుస్తాం. ఊరి రోడ్డు ఆ దారిని అడ్డంగా దాటే చోట్ల గేట్లలాంటివి పెట్టారు. అక్కడ మాత్రం దిగి, అటూ ఇటూ చూసి దాటాలి. మిగతా అంతా ముసలి జంటలు, చక్రాల బూట్ల మీద పిల్లలు, సైకిలు వెనక బండి తగిలించి అందులో పసివాణ్ణి కూర్చోబెట్టుకున్న ఒక తల్లి. ఆవిడ మమ్మల్ని దాటి వెళ్తూ గంట కొట్టి "బోంజూర్" అంది.

మొదటి ఆదివారం లాత్రెన్ దాకా వెళ్లి వచ్చేశాం. రెండోసారి ఇంకొంచెం. మూడో ఆదివారం క్రెయోన్ చేరాం. ఇంటి నుంచి 20 కిలోమీటర్ల పైనే. ఆ ఊరి పాత రైల్వే స్టేషన్ ఇప్పుడు సైకిళ్లవాళ్ల మజిలీ. మేం తీసుకెళ్లిన పులిహోర అక్కడే తిన్నాం. ఇంకా ముందుకి వెళ్తే లా సోవ్ దగ్గర ఒక సొరంగం, వెయ్యేళ్ల నాటి మఠం శిథిలాలు వస్తాయి. చెల్లీ పిల్లా వెళ్తామన్నారు గాని నా నడుము ఒప్పుకోలేదు. నేను ద్రాక్షతోటల్లో కూర్చున్నాను.

ద్రాక్షతోట అంటే నేను చిన్నప్పుడు హైదరాబాదులో మేనత్తగారింటికి వెళ్లినప్పుడు చూసిన అనాబ్-ఎ-షాహీ పందిళ్లే నాకు తెలుసు. తలపైన ఆకుల కప్పు, దాంట్లోంచి వేలాడే గుత్తులు. ఇక్కడలా కాదు. నడుమెత్తు తీగలు, తీగెలు లాగి కట్టిన వరసలు, దువ్వెన పెట్టి దువ్వినట్టు. కొన్ని వరసల చివర గులాబీ మొక్క ఉంది. ద్రాక్షకొచ్చే బూజు తెగులు గులాబీకి ముందు కనిపిస్తుందని పూర్వం అలా నాటేవారట. ఒక గింజ కోసి నోట్లో వేసుకున్నాను (దొంగతనమే, ఒప్పుకుంటున్నాను). చిన్నది, తోలు మందం, నిండా గింజలు, కానీ తేనె. ఆ ప్రాంతం పేరు ఆంత్ర్ దు మెర్, అంటే రెండు సముద్రాల మధ్య అని అర్థం. నిజానికి అది గారోన్, దోర్దోన్ అనే రెండు నదుల మధ్య నేల. సముద్రపు పోటు ఆ నదుల్లోకి ఎగదన్నుకొస్తుంది కాబట్టి ఆ పేరు. రెండు పాయల మధ్య కోనసీమలో పుట్టిన నాకు ఇది ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంతా అందమే అనుకోకండి. వరసల మధ్య ఒక్కోచోట బోడి నేల కనిపించింది. వైను అమ్ముడుపోక, 2023 నుంచి బోర్డో రైతులకి తోట పీకేస్తే హెక్టారుకి 6,000 యూరోలు ఇచ్చే పథకం పెట్టారని మరిదిగారు చెప్పారు. రైలు ఆగిపోయిన ఊళ్లకి కారు లేకపోతే దిక్కులేదు కూడా. ఆ దారి అంత ప్రశాంతంగా ఉండటానికి ముందు అక్కడ ఒకటి చచ్చిపోవాల్సి వచ్చింది. రైలే ఉంటే బాగుండేదనే ముసలివాళ్లు ఆ ఊళ్లలో ఉండే ఉంటారు.

ఆ తోట గట్టున కూర్చున్నప్పుడే నాన్న గుర్తొచ్చారు.

మా హైస్కూలు మూడు కిలోమీటర్లు. అన్నయ్య సైకిలు బారు కింద నుంచి కాలు పెట్టి తొక్కడం నేర్చుకున్నాను. తర్వాత నాన్న నాకే ఒకటి కొన్నారు. కాలువ గట్టు మీద వెళ్లినన్నాళ్లూ హాయి. గట్టు తెగి, మెయిన్ రోడ్డు మీంచి వెళ్లాల్సొచ్చిన ఏడాది ఒక లారీ రాసుకుంటూ పోయింది. నాకు మోచెయ్యి గీరుకుంది, అంతే. ఆ రాత్రి నాన్న భోంచెయ్యలేదు. వారం తిరక్కుండా సైకిలు అమ్మేశారు. అన్నయ్య సైకిలు మాత్రం ఉంది. వాడూ ఆ రోడ్డు మీదే వెళ్లేవాడు.

నేను భయస్తురాలినని అప్పుడు ఇంట్లో ఒక ముద్ర పడింది. "దానికి రోడ్డంటే భయం" అని అమ్మ, తర్వాత మా అత్తగారు, తర్వాత మావారు. స్కూటీ నేర్పుతానంటే నేనే వద్దన్నాను. ముప్ఫై ఏళ్లు నేనూ అదే నమ్మాను. మూడు ఆదివారాల్లో నాకు తెలిసిందేమిటంటే, లారీ లేనిచోట నా భయం లేదు. ఎంత వెతికినా లేదు. ఆడవాళ్లకి ధైర్యం నేర్పాలని అందరూ చెప్తారు. దారి వెయ్యండి చాలు, ధైర్యం సంగతి మేం చూసుకుంటాం.

మనకీ లేకపోలేదు. 2023లో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు వేశారు, పైన సోలార్ పలకల నీడతో. ఏమాటకామాటే, బాగుంది. కానీ మేముండే చోటు నుంచి అక్కడికి సైకిలు మీద వెళ్లాలంటే మూడు ఫ్లైఓవర్లు దాటాలి. మావారు కారు వెనక సైకిలు కట్టుకుని వెళ్దామంటారు. సైకిలు తొక్కడానికి కారు ఉండాలంటే అది వ్యాయామమే గాని ప్రయాణం కాదు. బోర్డోలో మేం ఇంటి గుమ్మంలో ఎక్కి ద్రాక్షతోటలో దిగాం. పదేళ్ల పిల్ల ముందు వెళ్తుంటే దాని తల్లి వెనక నుంచి ఒక్కసారి కూడా "జాగ్రత్త" అని అరవలేదు. నేను లెక్కపెట్టాను.

ఆ రాత్రి మా అమ్మాయికి ఫొటోలు పంపాను. తెల్లారేసరికి ఫోన్ చేసింది. చాలా మెచ్చుకుంది, అమ్మా నువ్వేనా అంది, హెల్మెట్ ఏదని కోప్పడింది. ఆఖర్న కాస్త ఆగి, "ఇంటర్లో కాలేజీకి సైకిలు కొనమంటే నువ్వే కదమ్మా వద్దన్నావ్?" అంది.

అవును, నేనే. నెలకి ఇంతని ఆటో మాట్లాడింది నేనే. రోడ్డు బాగోలేదే అని చెప్పబోయాను. నాన్న కూడా సరిగ్గా ఈ మాటే అన్నారు. పక్కన చెల్లి కాఫీ కలుపుతోంది. అది నా వైపు చూసి, స్పీకర్ ఆపేసి, ఫోన్ నా చేతికిచ్చి వరండాలోకి వెళ్లిపోయింది.

"సంక్రాంతికి వస్తావుగా, అప్పుడు కొందాం" అన్నాను.

"ఎక్కడ తొక్కుతానమ్మా?" అంది.