మూలమునకు స్థానము, వ్యాఖ్యకు స్థానము

సంస్కృత కావ్యములను, శాస్త్రగ్రంథములను వ్యాఖ్యాసహితముగా వెబ్‌సైట్లలో నుంచు ప్రయత్నములు నేడు పెరుగుచున్నవి. ఇది అభినందనీయమే. కాని ఆ పుటల నిర్మాణమును సాంకేతికుల పనియని పండితులు విడిచిపెట్టుట యుక్తము కాదు.

ద్రుపల్, జూమ్లా వంటి విషయనిర్వహణ వ్యవస్థలలో టెంప్లేటనగా పుటకు ముందుగా గీచిన చట్టము. శీర్షిక ఎచట, ప్రధానవిషయము ఎచట, పార్శ్వభాగము ఎచట అను స్థానములను టెంప్లేటును రచించువాడే నిర్దేశించును. వీనిని ద్రుపల్‌లో రీజియనులనియు, జూమ్లాలో పొజిషనులనియు వ్యవహరింతురు.

భారతీయ లేఖకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. త్రిపాఠమను వ్రాతప్రతులలో మూలము నడుమను, వ్యాఖ్య దానికి పైనను క్రిందను ఉండును. పుణెలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధన సంస్థ 1966 నాటికి పూర్తిచేసిన మహాభారత పరిష్కృతప్రతిలో నిర్ణీతపాఠము పైనను, పాఠభేదములు పుట అడుగునను కలవు.

రఘువంశమును మల్లినాథుని సంజీవనితో ఉంచునపుడు టెంప్లేటులో ఒకే విషయస్థానము చూపబడినచో శ్లోకము, వ్యాఖ్య, అందు ఉదాహరింపబడిన అమరకోశవాక్యము, పాఠాంతరము అన్నియు ఏకప్రవాహమగును. ఒక పదమును వెదకు విద్యార్థికి అది కాళిదాసు ప్రయోగమో, మల్లినాథుడిచ్చిన పర్యాయపదమో తెలియదు. దానినిబట్టి కూర్చిన పదసూచియు తప్పును. పూర్వము అంచున వ్రాసిన టిప్పణి లేఖకుని ప్రమాదముచే మూలమున చేరినట్లే, నేడును ప్రక్షిప్తములు పుట్టును.

అక్షరముల పరిమాణమును, రంగును మార్చిన చాలదా యని కొందరు అడుగవచ్చును. అది కంటికి చాలును. వెదకు యంత్రమునకు చాలదు. స్థానము వేరగుటయు పూర్తిగా చాలదు. విషయము పుటలో ఎచట నుండవలెనో రీజియను చెప్పును. ఆ విషయము మూలమో, వ్యాఖ్యయో చెప్పునది ఫీల్డు. కావున శ్లోకసంఖ్య, మూలము, వ్యాఖ్య, పాఠభేదము అను వానికి వేరువేరు ఫీల్డులను ఏర్పరచి, పిదప వానికి స్థానములను చూపవలెను. అట్లు చేసినచో సెల్‌ఫోను తెరపై పార్శ్వభాగము క్రిందికి జారినను, ఏ వ్యాఖ్య ఏ శ్లోకమునకు చెందినదో తెలియుచునే యుండును.

ఈ విభాగములను నిర్ణయించుటకు గ్రంథపరిచయము కావలెను; నిర్మించుటకు సాంకేతికనైపుణ్యము కావలెను. వేల శ్లోకములను ఎక్కించిన పిదప విడదీయబూనుట గ్రంథమునకు మరల ప్రతి వ్రాయుటవంటి శ్రమ. ప్రాచ్యకళాశాలలు ఇట్టి పనికి పూనుకొన్నపుడు, మొదటి శ్లోకమును ఎక్కించుటకు ముందే, ఆ గ్రంథమును పాఠము చెప్పు అధ్యాపకునిచే విభాగపట్టికను వ్రాయించుట మేలు.