బఫే భోజనం: ఒక పాఠకుని ప్రశ్న

రమజాను తరువాత వచ్చిన ఉత్తరాలలో ఒకటి చాలా కాలం మా బల్ల మీదే ఉండిపోయింది. నెల్లూరు జిల్లా నుండి ఒక సోదరుడు వ్రాశారు. హోటళ్ళలో బఫే అనే పద్ధతి ఉన్నది, ఒక్కసారి డబ్బు చెల్లిస్తే ఎంతైనా తినవచ్చు. ధర తెలుసు గాని సరుకు ఎంతో తెలియదు. పరిమాణం తెలియని వస్తువు క్రయవిక్రయాలు చెల్లవని మీరే వ్రాశారు గదా, మరి ఈ భోజనం చెల్లుతుందా అన్నది ఆయన ప్రశ్న. ప్రశ్న సరియైనదే. అయితే అప్పటికి మేము అటువంటి హోటలు గడప తొక్కి ఎరుగము. చూడని దానిని గురించి తీర్పు చెప్పడం ఎందుకని ఉత్తరాన్ని ప్రక్కన పెట్టాము.

గత మాసం మా ఇంటావిడకు కళ్ళు చూపించడానికి హైదరాబాదు వెళ్ళవలసి వచ్చింది. కుడి కంటిలో శుక్లం మొదలైందని మా ఊరి డాక్టరు అన్నారు. బుధవారం ఉదయం ఆసుపత్రిలో చుక్కల మందు వేసి, కంటిపాపలు విచ్చుకున్న తరువాత పరీక్షించి, ఆపరేషనుకు ఇప్పుడే తొందర లేదని చెప్పారు. అల్‌హమ్దులిల్లాహ్ అనుకుంటూ బయటికి వచ్చాము. ఎండ ఆమె కళ్ళలో సూదుల్లా గుచ్చుకుంటున్నది. దగ్గరి వస్తువులన్నీ అలికినట్లు కనిపిస్తున్నాయట. సాయంత్రానికి సర్దుకుంటుందన్నారు.

జొహర్ నమాజు అయిన తరువాత, మా వద్ద చదివి ఆ నగరంలోనే ఉద్యోగం చేసుకుంటున్న ఒక విద్యార్థికి ఫోను చేశాము. ‘ఉస్తాద్, ఆ వీధి చివర పంజాబీ వాళ్ళ హోటలు ఉన్నది. పూర్తిగా శాకాహారం. మామూలు రోజుల్లో మధ్యాహ్నం బఫే చవకగా ఉంటుంది, తప్పక వెళ్ళండి’ అన్నాడు. శాకాహారం గనుక జబీహా విషయం విచారించే పని తప్పింది. వెళ్ళాము. మనిషికి 399 రూపాయలు. మా దృష్టిలో అది చవక కాదు. అయినా మెట్లెక్కిన తరువాత దిగి వెళ్ళడానికి మనసొప్పలేదు.

మనసొప్పకపోవడానికి అసలు కారణం వాసన. లోపల ఎక్కడో తందూరులో రొట్టె కాలుతున్నది. యౌవనంలో మేము ఆరేళ్ళు ఉత్తరప్రదేశ్‌లోని ఒక మదరసాలో చదివాము. అన్నం తప్ప మరొకటి ఎరుగని తెలుగు పిల్లవాడికి పూటపూటా తందూరీ రొట్టె, పలుచని పప్పు పెడితే మొదటి నెల ఎలా గడిచిందో అల్లాహ్‌కే తెలుసు. రెండవ ఏడు వచ్చేసరికి ఆ రొట్టె లేనిదే తిన్నట్లుండేది కాదు. తందూర్ అనే మాట అరబీలో తన్నూర్. నూహ్ (అలైహిస్సలాం) కాలపు జలప్రళయ వృత్తాంతంలో ఖుర్ఆన్ ప్రస్తావించినది ఆ మాటనే. తఫ్సీరు పాఠంలో ఆ ఆయత్ వచ్చినప్పుడల్లా మాకు వంటశాల వైపు నుండి వచ్చే పొగే గుర్తుకు వచ్చేది. (గురువుగారికి ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు.)

పొడవాటి బల్ల మీద వరుసగా స్టీలు పాత్రలు, వాటి క్రింద సన్నని మంటలు. రాజ్మా, ఛోలే, పనీర్, పకోడీలు వేసిన కఢీ, జీరా అన్నం, చివరన గాజర్ హల్వా. మధ్యలో దాల్ మఖనీ. పొట్టు తీయని గుండు మినుములను సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించి, వెన్న, మీగడ కలిపి చేసే పప్పు ఇది. దేశ విభజన తరువాత పెషావర్ నుండి ఢిల్లీకి వచ్చినవారు దర్యాగంజ్‌లో నడిపిన మోతీ మహల్ హోటలుతో దీని పేరు ముడిపడి ఉన్నది. దీనిని మొదట వండిన ఘనత ఎవరిదన్న వివాదం 2024లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళింది. ఈ సంగతి చెబితే మా ఇంటావిడ, ‘పప్పు కోసం కోర్టుకా!’ అని నవ్వింది.

పళ్ళెం ఆమె చేతికి ఇచ్చాము. పాత్రల ముందున్న పేర్ల చీటీలు చదవడం ఆమెకు సాధ్యం కాలేదు. ఏది కూరో, ఏది పప్పో కూడా సరిగా ఆనడం లేదు.

‘మీరే పెట్టండి’ అన్నది.

‘ఏమి పెట్టమంటావు?’

‘ఏదో ఒకటి. మీకు ఇష్టమైనదే పెట్టండి.’

గరిటె పట్టుకుని రాజ్మా ముందు ఆగిపోయాము. మా నికాహ్ జరిగి 31 సంవత్సరాలు. మేము ఏ కూరలో ఉప్పు ఎంత తింటామో, ఏ పచ్చడి ముట్టమో, ఉపవాస విరమణ వేళ మొదట ఏది అడుగుతామో ఆమెకు కంఠతా వచ్చు. ఆమెకు చిక్కుడు జాతి గింజలు పడతాయా? పులుపు ఇష్టమా? తీపి ఇష్టమా? ఏదీ తోచలేదు. మా ఇంట్లో అందరి భోజనాలు అయిన తరువాత ఆమె గిన్నెలో మిగిలినది తింటుంది. మిగిలినది తినే మనిషి ఇష్టం ఎవరికి తెలుస్తుంది? వెనుక వరుసలో నిలబడిన కుర్రవాడు, ‘అంకుల్, కాస్త జరుగుతారా?’ అనేదాకా అలాగే ఉండిపోయాము.

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తీవ్రంగా జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) ఆయనను పరామర్శించిన హదీసును మేము ఏటా బోధిస్తాము. వీలునామాలో ఆస్తి మూడవ వంతుకు మించరాదన్న ధర్మసూత్రానికి అదే మూలం. ఆ మూడవ వంతు గురించి మూడు రోజులు పాఠం చెబుతాము. భార్య నోటికి అందించే ముద్దకు కూడా పుణ్యమున్నదన్న మాట ఆ హదీసులోనే, చివరన ఉన్నది. అక్కడ ఆగిన జ్ఞాపకం లేదు. గంట కొట్టే వేళ అవుతుంది, పిల్లలు పుస్తకాలు మూస్తారు.

అన్నీ కొంచెం కొంచెం పెట్టి తెచ్చాము. రాజ్మా ఒక ప్రక్కకు నెట్టింది. కఢీ రుచి చూసి, ‘ఇది మన మజ్జిగ పులుసే, శనగపిండి ఎక్కువ పోశారు’ అన్నది గాని మళ్ళీ తెమ్మన్నది. రొట్టె వేడివేడిగా వచ్చింది. మరొకటి తెప్పించాము. దాల్ మఖనీ రెండుసార్లు. ఆమె కూర్చుని తింటూ ఉంటే మేము లేచి తెచ్చాము. మొదట మొహమాటపడి చుట్టూ చూసింది. ఏమీ కనిపించడం లేదు గనుక త్వరగానే మరచిపోయింది.

మా సంగతి వేరు. ఇద్దరికీ కలిపి 798 రూపాయలు అన్న లెక్క తలలో తిరుగుతున్నది. పనీరు ఖరీదైనదని అదే ఎక్కువ వడ్డించుకున్నాము. పొట్టలో మూడవ వంతే ఆహారానికి కేటాయించమన్న ప్రవక్త (స) బోధను ఇతరులకు చెప్పే నోటితోనే, చెల్లించినది రాబట్టుకోవాలని తిన్నాము. చివరకు పళ్ళెంలో నాలుగు ముక్కలు మిగిలాయి. వదలివేస్తే దుబారా, తింటే ప్రాణానికి చేటు. మా అవస్థ గ్రహించి ఆమె రెండు తీసుకున్నది. రుచి తెలిసి తిన్నది మొదటి రొట్టె ఒక్కటే.

ఇక నెల్లూరు సోదరుని ప్రశ్న. ఈ విషయంలో నేటి ఉలమాలలో అభిప్రాయభేదం ఉన్నది. పరిమాణం తెలియదు గనుక చెల్లదన్నవారు ఉన్నారు, చెల్లుతుందన్నవారూ ఉన్నారు. మాకు రెండవ మాటే సబబుగా తోస్తున్నది. పూర్వం నగరాలలో హమామ్‌లు, అనగా వేడినీటి స్నానశాలలు ఉండేవి. రుసుము ఇచ్చి లోపలికి వెళ్ళేవాడు ఎన్ని నీళ్ళు వాడతాడో, ఎంతసేపు ఉంటాడో ఎవరికీ తెలియదు. ఖియాస్ ప్రకారం అది చెల్లరాదు. అయినా జనంలో స్థిరపడిన ఆచారాన్ని, అందులో తగవు పుట్టకపోవడాన్ని చూసి హనఫీ ఫిఖ్హ్ వేత్తలు ఇస్తిహ్సాన్ ద్వారా దానిని అనుమతించారు. తగవుకు దారితీసే అజ్ఞానమే ఒప్పందాన్ని చెరుపుతుంది. ఒక మనిషి ఒక పూట ఎంత తినగలడో హోటలు యజమానికి మన కన్న బాగా తెలుసు.

అయితే మనం కొన్నది ఆహారం కాదు, అక్కడ కూర్చుని తినే అనుమతి. ఈ తేడా చిన్నది కాదు. విందుకు పిలిచిన ఇంట అతిథి ఎంతైనా తినవచ్చు గాని, ఆతిథేయుడు సమ్మతిస్తాడని తెలియనిదే ఆ భోజనాన్ని వాకిట నిలిచిన యాచకునికి ఇవ్వరాదని ఫిఖ్హ్ వేత్తలు అన్నారు. తినడానికి అనుమతి లభించింది గాని యాజమాన్యం లభించలేదు.

ఆ రోజు ఈ మాట మాకు అప్పటికప్పుడే అవసరపడింది. గాజర్ హల్వా తింటూ మా ఇంటావిడ, ‘మనవడికి రెండు చెంచాలు కాగితంలో చుట్టుకుందామా? డబ్బు కట్టాం గదా’ అన్నది. కుదరదని చెప్పాము. వాదించలేదు గాని చెంచా క్రింద పెట్టివేసింది. పిల్లలకు దాచకుండా తీపి తినడం ఆమెకు చేతకాదు. లేచి గల్లా దగ్గరికి వెళ్ళి అడిగాము. విడిగా అమ్ముతారట. పావు కిలో కట్టించి తెచ్చి ఆమె ఒడిలో పెట్టాము. అప్పుడు చెంచా మళ్ళీ తీసుకున్నది.

తిరుగు బస్సులో పొద్దు వాలేవేళకు చూపు తేటపడింది. చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, ‘మధ్యాహ్నం తిన్న ఆ పప్పు ఏ రంగులో ఉన్నది?’ అని అడిగింది. దాదాపు నలుపు, పైన తెల్లగా మీగడ తీగ అని చెప్పాము. గుండు మినుములు ఇంట్లో ఉన్నాయన్నది.

శుక్రవారం మా మదరసాకు సెలవు. గురువారం ఇషా తరువాత మినుములు మేమే నానబోశాము.