ఆ జడ్జి రాసేశాడు, మిగతావాళ్లు రాయరు

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ నగర కోర్టులో ఒక రోమా మహిళ మీద మోసం కేసు నడిచింది. నేరం రుజువైంది, మూడేళ్ల జైలు పడింది. అక్కడి చట్టం ప్రకారం మూడేళ్లకు మించని శిక్షను సస్పెండ్ చేసి మనిషిని ఇంటికి పంపే అధికారం జడ్జికి ఉంది. ప్రాసిక్యూటర్ కూడా అదే సిఫార్సు చేశాడు. జడ్జి ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో తీర్పులో రాశాడు. నేరం చేసినా ఏమీ కాదనే భావన సమాజంలో ఉందని, ముఖ్యంగా మైనారిటీ సమూహాల్లో ఉందని, సస్పెండ్ చేసిన శిక్షను వాళ్లు అసలు శిక్షగానే లెక్కపెట్టరని దాని సారాంశం.

ఇక్కడ ఆగి ఆలోచించండి. కోర్టు ముందు నిలబడింది ఒక్క మనిషి. శిక్ష ఖరారు చేసేటప్పుడు చూసింది మాత్రం ఆమె జాతిని. పై కోర్టులకు వెళ్తే అవీ ఆ వాక్యాన్ని పట్టించుకోకుండా శిక్షను ఖాయం చేశాయి. చివరికి స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2010 మార్చి 25న తీర్పు చెప్పింది. జాతి ఆధారంగా ఆమెను వేరుగా చూశారని, దానికి ఏ సమర్థనా లేదని, న్యాయమైన విచారణ హక్కు విషయంలో వివక్ష జరిగిందని తేల్చింది.

ఇది గెలుపే. కానీ ఎలా వచ్చిన గెలుపు? జడ్జి తన మనసులో మాట కాగితం మీద పెట్టాడు కాబట్టి వచ్చింది. అదే జడ్జి కొంచెం జాగ్రత్తపడి 'పశ్చాత్తాపం కనిపించలేదు', 'స్థిర నివాసం లేదు', 'సమాజానికి ముప్పు' అని రాసి అంతే శిక్ష వేసి ఉంటే స్ట్రాస్‌బర్గ్ చేతికి ఆధారమే దొరికేది కాదు. ఆమె మాత్రం అంతే కాలం జైల్లో ఉండేది.

రోమాలు యూరప్‌లో అతిపెద్ద జాతి మైనారిటీ. కోటి మందికి పైనే ఉంటారని అంచనా. స్పెయిన్‌లో 'బరాని' అనే పరిశోధన 2001లో వెలువడింది. ఆ దేశ జనాభాలో రోమాలు ఒకటిన్నర శాతం లోపే ఉండగా, జైళ్లలోని మహిళల్లో మాత్రం దాదాపు 25 శాతం వాళ్లేనని అది బయటపెట్టింది. ఇంగ్లండ్, వేల్స్ న్యాయవ్యవస్థపై ఎంపీ డేవిడ్ లామీ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం జనాభాలో సుమారు 0.1 శాతం ఉన్న జిప్సీ, రోమా, ట్రావెలర్ సమూహాలు పురుష ఖైదీల్లో 5 శాతం దాకా ఉన్నాయి.

ఈ అంకెలు చూపగానే 'మరి వాళ్లు నేరాలు ఎక్కువ చేస్తారేమో' అనే మాట వస్తుంది. మనకు బాగా అలవాటైన మాటే. దానికి జవాబు శిక్ష దగ్గర దొరకదు, అంతకుముందే మొదలయ్యే గొలుసులో దొరుకుతుంది. హంగరీలో పోలీసుల తనిఖీల లెక్క తీస్తే రోమాలను మిగతావారికంటే మూడు రెట్లు ఎక్కువగా ఆపుతున్నారని తేలింది. ఎక్కువగా ఆపితే ఎక్కువ కేసులు పుడతాయి. బస్తీలో ఇంటికి కాగితాలు ఉండవు కాబట్టి 'పారిపోతాడు' అని బెయిల్ ఇవ్వరు. లోపల ఉన్నవాడు సాక్షులను వెతుక్కోలేడు, లాయర్‌తో తీరిగ్గా మాట్లాడలేడు, శిక్ష పడుతుంది. తర్వాతి కేసులో అదే 'గత నేరచరిత్ర' అవుతుంది, శిక్ష పెరుగుతుంది. చివరి జడ్జికి ద్వేషం లేకపోయినా సరే, ముందు నుంచీ పేరుకున్న ద్వేషమంతా ఆయన బల్ల మీదికి ఫైలు రూపంలో వచ్చేస్తుంది.

దీన్ని నిరూపించాలంటే లెక్కలు కావాలి. యూరప్‌లో చాలా దేశాలు నిందితుల జాతిని నమోదు చేయవు. దానికి కారణం కూడా తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. నాజీలు రోమాలను చంపడానికి ముందు జాబితాలే తయారు చేశారు. స్వీడన్‌లో స్కోనె ప్రాంత పోలీసులు నాలుగు వేల మందికి పైగా రోమాల పేర్లతో రిజిస్టర్ నడుపుతున్నారని 2013లో బయటపడింది. అందులో చిన్నపిల్లలూ ఉన్నారు, చనిపోయినవాళ్లూ ఉన్నారు. అంటే నిఘాకు జాబితా ఉంటుంది, న్యాయం అడిగితే మాత్రం లెక్క ఉండదు.

రోమాల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట వాయవ్య భారతం నుంచి వెళ్లినవాళ్లు. వాళ్ల భాషలో ఇప్పటికీ రెండుకు 'దుయ్', ఐదుకు 'పాంజ్' అంటారు. 2016లో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ రోమా సదస్సులో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ వాళ్లను భారత సంతానమని పిలిచారు. బాగానే ఉంది. ఇంట్లో ఉన్న బిడ్డల సంగతేమిటి?

1871 నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులన్నది. ఎరుకలను స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టారు. 1952లో చట్టం పోయింది, దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఊరు పేరు చెబితే దొంగల సినిమా గుర్తుకురావడం మాత్రం పోలేదు. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల జైలు నిబంధనలను పరిశీలించి, కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను, సంచార, విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూసే నిబంధనలను కొట్టేసింది. స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్లకు!

అవి కూడా కాగితం మీద ఉన్న వివక్షలే. బల్గేరియా జడ్జి వాక్యంలాగే చూపించడానికి దొరికాయి, కొట్టేశారు. దొరకనివాటి సంగతి వేరు. 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ముందుకు వచ్చింది ఒక తాపీమేస్త్రీ. కింది మేజిస్ట్రేట్ అతన్ని పది వేల రూపాయల పూచీకత్తు అడిగాడు. పక్క జిల్లా జామీనుదారు పనికిరాడన్నాడు. ఆ పద్ధతి తప్పని సుప్రీంకోర్టు అప్పుడే చెప్పింది. భూమి పాస్‌బుక్ ఉన్న జామీనుదారు దొరక్క బెయిల్ వచ్చినా లోపలే ఉండిపోతున్నవాళ్లు ఎవరో ఏ జిల్లా జైలు ముందు నిలబడినా తెలుస్తుంది.

ఒక్క విషయంలో మన చేతిలో రోమాలకు లేనిది ఉంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా జైలు గణాంకాల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ ఖైదీల సంఖ్య ఇస్తుంది. ఖైదీల్లో ఐదుగురిలో ఒకరు దళితులని చెప్పగలుగుతున్నది అందువల్లే. విముక్త జాతులకు మాత్రం అందులో విడిగా గడి లేదు. ఎవరికి బెయిల్ దొరకలేదు, ఒకే నేరానికి ఎవరికి ఎంత శిక్ష పడింది అనే లెక్కా లేదు.

లా చదివే మిత్రులు ఈ పని మొదలుపెట్టవచ్చు. బల్గేరియాలో శిక్షను సస్పెండ్ చేయడం లాంటిదే మన దగ్గర 1958 ప్రొబేషన్ చట్టం. 21 ఏళ్లలోపు వాళ్లను చిన్న నేరాలకు జైలుకు పంపాలంటే కోర్టు కారణాలు రాయాలని ఆ చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. కింది కోర్టుల తీర్పులు ఈ-కోర్ట్స్ సైట్‌లో ఉన్నాయి. ఒక జిల్లా తీసుకోండి, దొంగతనం కేసులు తీసుకోండి, ప్రతి తీర్పులో చివరి పేజీ చదవండి. ప్రొబేషన్ ఎవరికిచ్చారు, ఎవరికి నిరాకరించారు, ఏ మాటలతో నిరాకరించారు? చాలా తీర్పుల్లో నిందితుడి కులం కనబడకపోవచ్చు. కానీ తండ్రి పేరు, ఊరి పేరు, కాలనీ పేరు మొదటి పేజీలో ఉంటాయి.