బాణీ కత్తి

1953లో ఒక ఓడ కళాసీ న్యూయార్క్‌లోని ఆబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ దుకాణానికి వెళ్లి రాండాల్ కత్తి కావాలని అడిగాడు. అది అప్పటికింకా కుర్రకారు చొక్కాల కొట్టు కాలేదు. వేటకూ చేపలకూ వెళ్లే పెద్దమనుషులు సామాను కొనుక్కునే చోటు. ఆర్డరిచ్చి తొమ్మిది నెలలు ఆగాలన్నారు. కళాసీకి అంత ఓపిక లేదు. పాత కార్ల తుక్కుదిబ్బకు వెళ్లి 1937 నాటి పాకార్డ్ కారు కమాను పట్టీ ఒకటి ఏరుకొచ్చాడు. తాను పనిచేసే చమురు ఓడ వంటగదిలో, పొయ్యి మీదే దాన్ని కాల్చి, సాగగొట్టి, కత్తి చేసుకున్నాడు. ఆయన పేరు బాబ్ లవ్‌లెస్. తర్వాత్తర్వాత అదే దుకాణం ఆయన కత్తులు తెప్పించుకుని అమ్మింది.

2010లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన ముద్ర ఉన్న కత్తి ఇవాళ వేల డాలర్ల మాట. అది కొనే స్తోమత లేనివాళ్లు, ఆయన నమూనాలోనే ఒక కత్తిని, అంతగా పేరు లేని పనివాడి చేత కొన్ని వందల డాలర్లకు చేయించుకుంటున్నారు. కొన్నాక కొంచెం మొహమాటపడతారు కూడా. ‘అసలుది కాదులెండి, ఆ మోడల్’ అని ముందే చెప్పేస్తారు, గిల్టు గొలుసు వేసుకున్నవాళ్లలాగా. అంత మొహమాటం దేనికో అర్థం కాదు. లవ్‌లెస్ చేసిన మొదటి కత్తి కూడా కొనలేకపోయిన ఇంకొకరి కత్తికి బదులుగా పుట్టిందే కదా.

ఇంకొంచెం వెనక్కి పోతే ఆ రాండాల్ కథా అంతే. ఆయన ఫ్లోరిడాలో నారింజ తోటల ఆసామి. 1936లో మిషిగన్‌లోని వాలూన్ సరస్సు ఒడ్డున ఎవరో పడవకు పట్టిన పాత రంగును కత్తితో గీకుతుంటే చూశాడు. అంత మొరటు పని చేస్తున్నా దాని అంచు చెక్కుచెదరలేదు. అది విలియం స్కేగెల్ చేసిన కత్తి. రాండాల్ దాన్ని కొనేసి, ఇంటికి తెచ్చుకుని, అలాంటిది తానూ చేయాలని కూర్చున్నాడు. స్కేగెల్‌ను చూసి రాండాల్, రాండాల్ కత్తి దొరక్క లవ్‌లెస్, లవ్‌లెస్‌ను చూసి ఇప్పటి వందలమంది. వీళ్లలో ఎవరు అసలు, ఎవరు నకలు?

లవ్‌లెస్ పేరు చెప్పగానే కత్తులు తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది వేటకత్తి. మూడున్నర, నాలుగు అంగుళాల అలుగు. పక్కన పెట్టుకుని చూస్తే మొదట ఏమీ కనిపించదు, అంత సాదాగా ఉంటుంది. కాసేపటికి వెన్ను మీద చూపు నిలుస్తుంది. పిడి దగ్గర నుంచి తిన్నగా వచ్చిన వెన్ను, కొసకు చేరేముందు వాలుగా కిందికి దిగుతుంది. ఆ వాలు సోకు కోసం పెట్టింది కాదు. వేటాడిన జంతువు తోలు కోసేటప్పుడు మొన పైకి లేచి ఉంటే లోపల పేగుల్లో గుచ్చుకుంటుంది, మాంసం పాడవుతుంది. మొన కిందికి దిగి ఉంటే ఆ భయం తక్కువ. ఇలా దిగిన మొన లవ్‌లెస్‌కు ముందు లేకపోలేదు గానీ, దానికి ఇంత ప్రచారం ఆయన వల్లే వచ్చింది.

రెండో విశేషం పిడి పలకల మధ్య దాగి ఉంటుంది. పిడిలోకి దిగిన ఉక్కు చివరికి వచ్చేసరికి పలచబడిపోతుంది. కత్తిని నిలబెట్టి పిడి అడుగు నుంచి చూస్తే ఆ ఉక్కు సన్నటి గీతలా కనిపిస్తుంది. దాంతో వెనక బరువు తగ్గి, కత్తి చూపుడువేలి దగ్గర తూగుతుంది. చేయడం మాత్రం ప్రాణం తోడేసే పని. ఉక్కు రెండు వైపులా ఏటవాలుగా అరగాలి, ఆ ఏటవాలుకు సరిగ్గా పలకలు అతకాలి, ఎక్కడా వెంట్రుకవాసి సందు కనిపించకూడదు.

చవకలో చేయించుకునేవాళ్లు చూడాల్సింది ఇక్కడే. పిండి కొద్దీ రొట్టె అన్నది కత్తికీ వర్తిస్తుంది. ధర తగ్గాలంటే పనివాడు ఎక్కడో ఒకచోట గంటలు మిగుల్చుకోవాలి. ఉక్కును పలచబరచడం మానేసి మందంగానే వదిలేయవచ్చు. దుప్పికొమ్ము పిడి బదులు, బట్ట పొరలను రెసిన్‌తో అదిమి చేసిన మైకార్టా వేయవచ్చు. అద్దంలా మెరిసే మెరుగు బదులు సాన గీతలు కనిపించేలా ఉంచవచ్చు. ఇవేవీ మోసం కాదు. మైకార్టా అయితే తడికి ఉబ్బదు, ఒక రకంగా అదే మేలు. మిగుల్చుకోకూడనిది ఒక్కటే, ఉక్కును కాల్చి చల్లార్చే పని. అది చెడితే వెన్ను ఎంత అందంగా వాలితే మాత్రం ఏం లాభం? కాబట్టి ఫొటోలు అడిగే ముందు ఉక్కు రకం ఏమిటి, గట్టిదనం పరీక్షించారా, ఒర ఇస్తారా అని అడగాలి. తడుముకోకుండా జవాబు చెప్పే పనివాడైతే సగం బెంగ తీరినట్టే.

ఉక్కు సంగతి వచ్చింది కనుక ఒక ముచ్చట. 1970లలో లవ్‌లెస్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 154సీఎం అనే ఉక్కులో సుమారు 14 శాతం క్రోమియం, 4 శాతం మాలిబ్డినం ఉంటాయి. దాన్ని చేసిన అమెరికా కంపెనీ పేరు క్రూసిబుల్, అంటే మూస. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కాచుకుని కూర్చునేవారన్నది చరిత్ర. ఆ ఉక్కు పేరు లోకమంతా తెలిసింది. చేసినవాళ్ల పేరు ఒక్కటీ మిగల్లేదు. లారీ కమాను పట్టీని కొడవలిగా మార్చే మన ఊరి కమ్మరికీ పాకార్డ్ కథలో వింత ఏమీ కనిపించదు. ‘అది మేం రోజూ చేసేదే’ అంటాడు.

లవ్‌లెస్ తన పని దాచుకున్న మనిషి కాదు. రిచర్డ్ బార్నీతో కలిసి 1977లో కత్తుల తయారీ మీద పుస్తకమే వేశారు. సమ్మెట దెబ్బల అవసరం లేకుండా, ఉక్కు పట్టీని కోసి సాన మీద అరగదీసి కత్తి చేసే పద్ధతిని అందులో విడమరిచారు. కొలిమి లేని ఇంట్లోనూ కత్తి చేయవచ్చని చాలామందికి ధైర్యం వచ్చింది ఆ పద్ధతితోనే. 1970ల మొదట్లో ఆయన దగ్గర పనిచేసిన స్టీవ్ జాన్సన్ తర్వాత యూటాలో తన పేరుతో అదే తరహా కత్తులు చేశారు. ఇప్పుడు ఆ జాన్సన్ కత్తులూ సామాన్యుడికి అందనంత ఖరీదు.

మన సభల్లో ఘంటసాల పాటలు పాడేవాళ్లున్నారు. కళ్లు మూసుకుంటే ఆయనే అనిపించేవాళ్లూ ఉన్నారు. కరపత్రం మీద మాత్రం వాళ్ల పేరే ఉంటుంది. మనం దాన్ని దొంగతనం అనం, ఘంటసాల బాణీ అంటాం. వాళ్లలో ఎవరైనా తాను పాడిన పాటను రికార్డు మీదికెక్కించి ఘంటసాల పేరుతో అమ్మితే ఊరుకుంటామా? కత్తి విషయంలోనూ గీత అక్కడే ఉంది. వెన్ను వాలును ఎంతమందైనా తీసుకోవచ్చు. అలుగు మీద లవ్‌లెస్ ముద్ర కొట్టడం మాత్రం పచ్చి మోసం. ఆ మోసాలూ సాగుతున్నాయి. ఆయన ముద్రతో ఉన్న కత్తి ‘సగం ధరకే’ వస్తోందంటే అది చవక కాదు.

ఇక బాణీ కత్తి కొన్నవారికి ఒక్క మనవి. దాన్ని పెట్టెలో దాచకండి. ఎవరైనా చేతిలోకి తీసుకుని ‘ఇది లవ్‌లెస్సా?’ అని అడిగితే నసగకుండా, దాన్ని చేసిన మనిషి పేరు, ఊరు చెప్పండి.